వెనక చక్రం బేరింగుకు గ్రీజా, ఆయిలా? డ్రమ్ములోకి జిడ్డు కారుతోంది

మైనర్_మనిషి
నా బండి మోరిస్ మైనర్ 1000, పాత ఇంగ్లీషు కారు. రెండు నెలల కిందట వెనక నుంచి ఊఁ... అని ఒక మూలుగు మొదలైంది. వేగం 45 దాటాక వినిపిస్తుంది, 60 దగ్గర పక్కవాళ్ళ మాట కూడా సరిగ్గా వినబడదు. ఎడమ వెనక చక్రం దగ్గరే అనిపించింది. మెకానిక్‌కు చూపిస్తే బేరింగు ఎండిపోయింది, గ్రీజు దట్టిస్తే సరిపోతుంది అన్నాడు. హబ్బు విప్పి లోపల ఖాళీ అనేది లేకుండా కూరాడు. వారం రోజులు శబ్దం తగ్గినట్టే అనిపించింది, తర్వాత మళ్ళీ మామూలే. పైగా ఇప్పుడు బ్రేకు తొక్కితే బండి కుడివైపుకి లాగుతోంది. నిన్న ఎడమ బ్రేకు డ్రమ్ము తీసి చూస్తే బ్రేకు లైనింగుల మీద నల్లటి జిడ్డు. డ్రమ్ము వెనకుండే బ్యాక్ ప్లేటు కింది అంచున ఒక చుక్క వేలాడుతూ ఉంది. తుడిచిన పది నిమిషాలకి ఇంకో చుక్క.

గ్రీజు గన్ను తగిలించే నిపుల్ కోసం ఎంత వెతికినా దొరకలేదు. మళ్ళీ విప్పి గ్రీజు పెట్టాలా? ఏ గ్రీజు, ఎంత, ఎన్నాళ్ళకోసారి? ఇది మా నాన్న నడిపిన బండి. తెలియక పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే చెయ్యి పెట్టే ముందే అడుగుతున్నా.

హబ్‌నట్
నిపుల్ దొరకలేదంటే మీరు సరిగ్గా వెతకలేదని కాదు, దానికి నిపుల్ లేదు. మైనర్ వెనక బేరింగు గ్రీజుతో నడిచేది కాదు, వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) ఆయిల్‌తోనే నడుస్తుంది. అందులోని పెద్ద గేరు, క్రౌన్ వీల్, తిరుగుతూ చిమ్మిన ఆయిల్ ఇరుసు గొట్టంలోకి చేరుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా గొట్టం వెంట పాకి చివరిదాకా వస్తుంది. అక్కడ బేరింగును తడిపి వెనక్కి పోతుంది. ఆ ఆయిల్ డ్రమ్ములోకి రాకుండా ఆపేది హబ్బు లోపలి ఆయిల్ సీలు, బయటివైపు చక్రాన్ని తిప్పే కడ్డీ (హాఫ్ షాఫ్ట్) ఫ్లాంజి దగ్గర ఉండే కాగితం గాస్కెట్టు.

ముందు ఆ జిడ్డు ఏమిటో తేల్చుకోండి. అప్పటిదాకా బండి రోడ్డెక్కించకండి.

డ్రమ్_బ్రేక్
+1. ఒకవైపు లైనింగు తడిసిందంటే రేపు వానలో గట్టిగా తొక్కినప్పుడు బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

సీల్_స్ప్రింగ్
తేల్చడం కష్టం కాదు. చుక్కని వేలికి రాసుకుని వాసన చూడండి. వెనక ఇరుసులో పోసే హైపాయిడ్ గేర్ ఆయిల్ అయితే గంధకం కంపు కొడుతుంది, ఒకసారి చూస్తే ఆ వాసన మర్చిపోరు. అనుమానం ఉంటే రెండు చుక్కలు నీళ్ళ గిన్నెలో వెయ్యండి. ఆయిల్ అయితే తేలుతుంది. డాట్ 3, డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ అయితే నీళ్ళలో కలిసిపోతుంది. కలిసిపోయిందంటే తప్పు బేరింగుది కాదు, బ్రేకుని నొక్కే వీల్ సిలిండరుది.

మైనర్_మనిషి
గిన్నెలో వేశా. పైన తేలింది, కంపు కూడా గుప్పుమంది. గేర్ ఆయిలే. మధ్యమధ్య బూడిదరంగు ఉండలున్నాయి, అవి కూరిన గ్రీజే అయ్యుంటాయి.

నల్లగ్రీజు
హబ్‌నట్ గారి మాట నాకు పూర్తిగా మింగుడుపడలేదు. ఇదే రకం ఇరుసున్న బండికి నేను ఇరవై ఏళ్ళుగా విప్పినప్పుడల్లా గ్రీజు పెడుతున్నా. ఒక్క బేరింగు పోలేదు. ఎండు బేరింగుని ఆయిల్ వచ్చేదాకా ఉత్తినే తిప్పాలా?

హబ్‌నట్
ఉత్తినే తిప్పమనలేదండీ. బిగించేటప్పుడు గోళీల మధ్య పల్చగా గ్రీజు రాయడం మంచి అలవాటే, మొదటి కొన్ని కిలోమీటర్లకి అదే దిక్కు. రాయడం వేరు, కూరడం వేరు. హబ్బు నిండా కూరితే ఆ గ్రీజే ఆయిల్‌కి అడ్డుకట్ట అవుతుంది. మీరు ఎంత పెడుతున్నారో చెప్పండి.

నల్లగ్రీజు
చూపుడువేలి కొసన పట్టేంత. గోళీల మధ్యకి నొక్కి, మిగిలింది తుడిచేస్తా.

హబ్‌నట్
అయితే మనిద్దరం చెప్పేది ఒకటే.

గేర్_ఆయిల్
కూరిన గ్రీజు తర్వాత ఏమవుతుందో కూడా చెప్పాలి. గ్రీజంటే ఆయిల్‌ని సబ్బు పట్టి ఉంచడం, స్పాంజి నీళ్ళని పట్టినట్టు. మామూలు లిథియం గ్రీజులోకి వేడి గేర్ ఆయిల్ వచ్చి చేరుతూ ఉంటే అది మెల్లమెల్లగా పల్చబడి జావ అవుతుంది. చోటు లేక ఆ జావ సీలు మీదకి తోసుకొస్తుంది. మైనర్_మనిషి గారి గిన్నెలో తేలిన ఉండలు అవే.

ఇరుసు_పిచ్చి
వెనక బేరింగుకు ఏం పెట్టాలని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది మీ ఇరుసు ఏ రకం అనే. పాత బళ్ళ విషయంలో ఇది తేల్చకుండా ఇచ్చిన సలహా ఏదైనా సరే, సగం మందికి చెడ్డ సలహా అవుతుంది.

మైనర్‌ది త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్. బేరింగు ఇరుసు గొట్టం చివర బయటి వైపు కూర్చుంటుంది, దాని మీద హబ్బు కూర్చుంటుంది. బండి బరువు గొట్టం మోస్తుంది. హాఫ్ షాఫ్ట్ పని చక్రాన్ని తిప్పడం, మలుపులో హబ్బు ఒరగకుండా పట్టడం. బేరింగుకీ డిఫరెన్షియల్‌కీ మధ్య సీలు లేదు, కాబట్టి ఆయిల్ వస్తుంది.

సెమీ ఫ్లోటింగ్‌లో బేరింగు గొట్టం లోపల, షాఫ్ట్ మీద ఉంటుంది. బరువంతా షాఫ్ట్ మీదే. ఇందులో మళ్ళీ రెండు దారులు. కొన్నింటిలో సీలు బేరింగుకి బయటివైపు ఉంటుంది, అంటే బేరింగు ఆయిల్‌లో తడుస్తుంది. కొన్నింటిలో సీలు లోపలివైపు ఉంటుంది, అంటే ఆయిల్ బేరింగు దాకా రానే రాదు, గ్రీజు మనం పెట్టాలి.   బండి పేరు అదే అయినా ఇరుసు మారితే చెయ్యాల్సిన పని వేరు.

ఫుల్ ఫ్లోటింగ్‌లో గొట్టం మీద రెండు ట్యాపర్ రోలర్ బేరింగులు. బరువంతా వాటిదే, షాఫ్ట్ తిప్పడానికి మాత్రమే. షాఫ్ట్ ఊడదీసినా చక్రం నిలబడే ఉంటుంది. లారీలవి, చాలా ల్యాండ్ రోవర్ ఇరుసులు ఈ రకం.

సీలు ఎక్కడుందో చూస్తే బేరింగు ఏం కోరుతోందో అర్థమవుతుంది. డ్రమ్ము తీసి షాఫ్ట్ లాగాక అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

బీటిల్_ప్రేమి
ఇరుసు_పిచ్చి గారు చెప్పింది నాకు అనుభవం. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో పాత స్వింగ్ యాక్సిల్ (ఇరుసు గొట్టమే చక్రంతోపాటు ఊగే రకం) బళ్ళకి వెనక బేరింగు గేర్‌బాక్సు ఆయిల్‌తో నడుస్తుంది. తర్వాతి ఐఆర్‌ఎస్ (ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్) బళ్ళలో గ్రీజు పెట్టాలి. నా మొదటి బీటిల్ స్వింగ్ యాక్సిల్. రెండోది ఐఆర్‌ఎస్. రెండోదానికి కూడా ఆయిల్ దానంతట అదే వస్తుందనుకుని ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. చివరికి విప్పితే లోపల గ్రీజు ఎండి బెల్లంపాకం ముదిరినట్టు గట్టిపడి ఉంది. లోపలి రింగు నీలం తిరిగింది. ఉక్కు నీలం తిరిగిందంటే ఎంత వేడెక్కిందో ఊహించుకోండి. చక్రం ఊడిపోకుండా ఇంటికి చేరడం నా అదృష్టం.

పాత_టైరు
మూలుగు బేరింగుదేనని ఎలా తేలింది? సగం సార్లు అది టైర్లది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. శబ్దం చోటు మారితే బేరింగు జోలికి పోనక్కర్లేదు.

డ్రమ్_బ్రేక్
జిడ్డు మాత్రం టైరుది కాదు కదా :)

పాత_టైరు
నిజమే, కానీ జిడ్డూ మూలుగూ ఒకే జబ్బని ఎవరూ రుజువు చెయ్యలేదు. రెండూ వేరు వేరు కావచ్చు.

వెన్నెల_డ్రైవ్
జిడ్డు సంగతికి వస్తే, సీలు మార్చే ముందు ఇరుసు బ్రీదర్ చూశారా? ఇరుసు గొట్టం పైన చిన్న టోపీలాంటిది ఉంటుంది. బండి నడిచి ఇరుసు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది బ్రీదర్ గుండా బయటికి పోవాలి. ఏళ్ళ మట్టీ, జిడ్డూ, పెయింటూ పట్టి అది మూసుకుపోతే గాలి వేరే దారి వెతుక్కుంటుంది. ఆయిల్‌ని ముందు పెట్టుకుని సీలు అంచు కిందనుంచి తోసుకుంటూ పోతుంది. నా బండికి ఒకే ఏడాదిలో మూడు సీళ్ళు మార్చా. మూడోసారి మార్చాక గానీ బ్రీదర్ వైపు చూడలేదు. టోపీ మీద ఎవరో పాత రోజుల్లో వేసిన నల్ల పెయింటు గట్టిగా మూసేసి ఉంది. సన్నటి తీగతో పొడిచి, కిరోసిన్‌తో కడిగి, టోపీ వేలితో తేలిగ్గా తిరిగేదాకా శుభ్రం చేశా. నాలుగో సీలు కొనాల్సిన పని రాలేదు.

హబ్‌నట్
ఇది నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. వెన్నెల_డ్రైవ్ గారికి థాంక్స్.

అలాగే ఆయిల్ మట్టం. బండి సమతలం మీద ఉండాలి, రెండు వైపులా సమానంగా ఉండాలి. ప్లగ్గు తీస్తే ఆయిల్ ఆ రంధ్రం అంచుకి వచ్చి ఆగాలి. ఒక వైపు జాకీ మీద ఎత్తి ఉంచి నింపితే లెక్క తప్పుతుంది. ఎక్కువైన ఆయిల్ గొట్టం చివరే చేరుతుంది. నింపాక ప్లగ్గు వెంటనే బిగించకండి, అదనంగా ఉన్నది కారి ఆగేదాకా వదిలెయ్యండి. ఓపిక లేక బిగించేసినవాళ్ళే ఎక్కువగా డ్రమ్ములు తుడుచుకుంటారు.

నాలుగో_గేరు
గేర్ ఆయిల్ జీఎల్ 4 రకం వాడాలా, జీఎల్ 5 రకం వాడాలా? పాత బళ్ళకి జీఎల్ 5 విషమని ఎక్కడో చదివా.

గేర్_ఆయిల్
ఆ మాట గేర్‌బాక్సు గురించి. అక్కడ గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగులు కంచు, ఇత్తడి జాతివి, జీఎల్ 5లో ఉండే గంధకం వాటిని తినే అవకాశం ఉంది. వెనక ఇరుసులో హైపాయిడ్ గేర్లు పళ్ళకి పళ్ళు రాసుకుంటూ జారతాయి. వాటికి ఆ గంధకమే రక్ష. హైపాయిడ్ ఇరుసుకి ఈపీ 90 గానీ 80డబ్ల్యూ 90 గానీ పొయ్యండి. బాగా పాతకాలపు వర్మ్ గేరు ఇరుసైతే సంగతి వేరు, అందులో గేరు చక్రమే కంచుది. దానికి హైపాయిడ్ ఆయిల్ పొయ్యకూడదు.

మైనర్_మనిషి
ఇవాళ ఉదయం పని మొదలుపెట్టా. బ్రీదర్ టోపీ అసలు కదల్లేదు. మట్టి, గ్రీజు కలిసి తారులా పట్టి ఉంది. మట్టం ప్లగ్గు వదులు చేస్తుంటే ముందు ఆయిల్ బుస్సుమని చిమ్మింది. ఆ తర్వాత ఆయిల్ ఒక పెద్ద గ్లాసుడు కారింది. అంటే ఎక్కువ పోశారు, గాలి పోయే దారీ లేదు. వెన్నెల_డ్రైవ్ గారికీ హబ్‌నట్ గారికీ చేతులెత్తి దండం.

కానీ ఎడమ బేరింగు కడిగి చూస్తే నా కంటికి బాగానే ఉంది. మెత్తగా తిరుగుతోంది. మూలుగు దీనిదేనా అని అనుమానం మొదలైంది.

సీల్_స్ప్రింగ్
ఎలా తిప్పి చూశారు? బాగా కడిగి, ఆరాక బయటి రింగుని ఎడమచేత్తో పట్టుకుని లోపలి రింగుని కుడిచేతి రెండు వేళ్ళతో కొంచెం అదుముతూ చాలా మెల్లగా తిప్పాలి. వేగంగా తిప్పితే ఏ బేరింగైనా బాగున్నట్టే ఉంటుంది. మెల్లగా తిప్పినప్పుడు వేలికి టిక్ అని ఒక చిన్న దెబ్బ తగిలితే గోళీలు దొర్లే ట్రాకులో గుంట ఉన్నట్టు.

కంప్రెసర్ గాలి పెట్టి మాత్రం తిప్పకండి. చమురు లేకుండా ఆ వేగంలో ట్రాకు గీసుకుపోతుంది. గోళీలని పట్టి ఉంచే కేజి విరిగిందంటే గోళీలు ముఖం మీదకి వస్తాయి.

మైనర్_మనిషి
మీరు చెప్పినట్టే మెల్లగా తిప్పా. ఏ దెబ్బా లేదు, పట్టులా జారుతోంది.

ఇరుసు_పిచ్చి
అయితే కుడివైపు చూడండి. ఇరుసు గొట్టం ఒక ఇనప వేణువు లాంటిది. కుడి చివర పుట్టిన శబ్దం గొట్టం వెంట, స్ప్రింగుల వెంట ఎటైనా పాకుతుంది. డ్రైవరు సీట్లో కూర్చుని ఇది ఎడమ, అది కుడి అని చెప్పడం నాకు ఇన్నేళ్ళకీ చేతకాలేదు.

నడిపేటప్పుడు ఒక పరీక్ష ఉంది, బ్రేకులు బాగయ్యాక మాత్రమే చెయ్యండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో మెల్లగా ఎడమకి, కుడికి ఊపండి. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే కుడి బేరింగు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలేసినప్పుడు ఇంకో రకంగా వినిపిస్తే అది క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న గేరు, పినియన్, వైపు గొడవ, చక్రం బేరింగుది కాదు.

నాలుగో_గేరు
వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టి గేరులో నడిపిస్తే బాగా వినబడుతుంది, నేను అలాగే కనుక్కుంటా.

డ్రమ్_బ్రేక్
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. స్టాండు జారితే తిరుగుతున్న చక్రాలతో బండి మీదకి వస్తుంది. ఒక చక్రం ఆగిపోయిందా, డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పుతుంది. మీటరు 60 చూపిస్తుంటే ఆ చక్రం 120లో ఉంటుంది. ఒక మూలుగు వినడానికి అంత అపాయం అక్కర్లేదు.

చేత్తో చాలు. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్కలు పెట్టండి, ఎందుకంటే హ్యాండ్ బ్రేకు వదలాలి, అది పట్టేది వెనక చక్రాలనే. స్టాండ్లు ఇరుసు గొట్టం కింద. గేరు న్యూట్రల్. పొడవాటి స్క్రూడ్రైవరు మొన బ్యాక్ ప్లేటుకి ఆనించి పిడి చెవికి పెట్టుకుని, ఇంకొకరిని చక్రం చేత్తో తిప్పమనండి.

నాలుగో_గేరు
సరే, ఒప్పుకుంటున్నా. ఇక మానేస్తా.

మైనర్_మనిషి
దొరికింది. కుడివైపే!

స్క్రూడ్రైవరు పెట్టుకున్నా, మా అమ్మాయి చక్రం తిప్పింది. ఎడమవైపు గుసగుసలాడినట్టు మెత్తటి శబ్దం. కుడివైపు టక టక టక అని ఇసుక మీద నడిచినట్టు. అమ్మాయికీ ఒకసారి వినిపించా, "నాన్నా, ఇది నలుగుతోంది" అంది.

విప్పి కడిగితే బయటి రింగు ట్రాకులో, ఒక పక్కన సన్నటి బూడిదరంగు గీతలు. ఒకదానికొకటి సమాన దూరం. ఒక గీత దగ్గర ఉక్కు పొర లేచిపోయి బియ్యపు నూకంత గుంట. గోరు అక్కడ ఆగిపోతోంది. సమాన దూరంలో ఎందుకున్నాయి?

ఇరుసు_పిచ్చి
ఆ దూరం కొలిచి గోళీల మధ్య దూరంతో పోల్చండి. రెండూ ఒకటే అవుతాయి. బండి ఎన్నాళ్ళు కదలకుండా ఉంది?

మైనర్_మనిషి
మూడేళ్ళు. నాన్న పోయాక ఎవరూ తియ్యలేదు. కొలిచా, మీరు చెప్పినట్టే సరిపోయింది.

ఇరుసు_పిచ్చి
అదే జరిగింది. కదలని బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. వేడీ చలీ మారుతున్నకొద్దీ లోపల తేమ చెమటలా పడుతుంది. గోళీ రింగుని తాకే సన్నటి అంచులో ఆ నీరు చేరి తుప్పు మొదలుపెడుతుంది. బండి మళ్ళీ నడిచేటప్పుడు ప్రతి గోళీ ఆ తుప్పు మచ్చల మీదుగా దొర్లుతుంది, మచ్చ గుంట అవుతుంది, గుంట పొరగా లేస్తుంది. ఇందులో మీ మెకానిక్ తప్పు కూడా పెద్దగా లేదు, ఎంత గ్రీజు పెట్టినా లేచిపోయిన ఉక్కు తిరిగి రాదు. బేరింగు మార్చడమే.

నిలబెట్టి ఉంచే బండికి వారానికోసారి ఇంజను స్టార్టు చేస్తే చాలనుకుంటారు చాలామంది. ఇంజను తిరిగితే చక్రం తిరగదు. నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసినా గోళీలు చోటు మారతాయి, ఆయిల్ మళ్ళీ పైకెక్కుతుంది. వీలైతే ఇరుసు వేడెక్కేదాకా నడిపితే తేమ కూడా పోతుంది.

పాత_టైరు
జిడ్డు ఎడమది, మూలుగు కుడిది. రెండు జబ్బులు. అదే అనుకున్నా.

హబ్‌నట్
ఒప్పుకున్నాం పాత_టైరు గారూ, మీ మాటే నెగ్గింది.

మైనర్_మనిషి గారు, కుడి బేరింగు బిగించే ముందు కొన్ని మాటలు. మీరు ఇప్పటికే విప్పారు కాబట్టి గమనించే ఉంటారు, ఎడమ హబ్బు నట్టుకి ఎడమ మర, కుడిదానికి మామూలు మర. ఇది తెలియక ఎడమదాన్ని బలమంతా పెట్టి ఇంకా బిగించినవాళ్ళున్నారు. నట్టు కింది ట్యాబ్ వాషరు కొత్తది వెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యం బేరింగు బయట వచ్చే స్పేసరు రింగు. హబ్బులోకి బేరింగు పూర్తిగా దిగాక ఆ స్పేసరు హబ్బు ముఖం మీద పెట్టిన గాస్కెట్టు కంటే 0.001 నుంచి 0.004 అంగుళం పొడుచుకు రావాలి. షాఫ్ట్ ఫ్లాంజి వచ్చి దాన్ని నొక్కితేనే బేరింగు హబ్బులో కదలకుండా ఉంటుంది. స్పేసరు మీద స్కేలు అంచు ఆనించి, స్కేలుకీ గాస్కెట్టుకీ మధ్య సన్నటి రేకుల ఫీలర్ గేజి దూర్చి చూడండి. గాస్కెట్టు మందంగా ఉందని రెండు వేసినా, సొంతంగా లావు అట్టతో కత్తిరించినా ఆ నొక్కుడు పోతుంది. బేరింగు హబ్బులో మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు బేరింగుతోపాటు హబ్బు కూడా మార్చాలి.

మైనర్_మనిషి
ఎడమవైపు గాస్కెట్టు బదులు ఏదో ఎర్రటి పేస్టు రాసి ఉంది. స్పేసరు బాగానే పొడుచుకొచ్చింది. రెండు వైపులా కొత్త గాస్కెట్టు, కొత్త సీలు వేస్తా. సీలు ఎటు తిప్పి వెయ్యాలి?

సీల్_స్ప్రింగ్
స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపు ఉండాలి. సీలు లోపలి రబ్బరు పెదవికి ఆయిల్ రాసి వెయ్యండి, ఎండుగా బిగిస్తే మొదటి కిలోమీటరులోనే కాలిపోతుంది. సీలు పెదవి రాసుకునే చోట గీత పడిందేమో గోరుతో చూడండి. గోరు దిగేంత గీత ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. హబ్బులోకి కొట్టేటప్పుడు సుత్తితో ఒక మూల కొట్టకండి, పాత సీలుని పైన పెట్టి చెక్కతో సమంగా దింపండి.

నల్లగ్రీజు
రెండు వైపులా రబ్బరు మూతలున్న సీల్డ్ బేరింగు వేస్తే ఈ గొడవ ఉండదు కదా? 2ఆర్‌ఎస్ అని దొరుకుతాయి, కొలత అదే. ఆయిల్ రాదు, గ్రీజు లోపలే ఉంటుంది.

గేర్_ఆయిల్
వెయ్యొచ్చు, చాలామంది వేస్తున్నారు. నా అభ్యంతరం ఒకటే. అందులో ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఎంతో అంతే, అది అయిపోయిన రోజు బేరింగు అయిపోయినట్టే. ఆయిల్‌తో నడిచే బేరింగుకి చమురు ఎప్పుడూ కొత్తగా వస్తూ ఉంటుంది, వేడిని కూడా ఆయిల్ మోసుకుపోతుంది.

వెన్నెల_డ్రైవ్
నేను మధ్యేమార్గం పట్టా. ఆయిల్ వచ్చే వైపు రబ్బరు మూత సన్నటి మొనతో తీసేశా, గ్రీజు కడిగేశా, సీలు వైపు మూత అలాగే ఉంచా. ఆయిల్ వస్తుంది, అవతలికి పోదు. ఆరేళ్ళయింది.

నల్లగ్రీజు
అది బాగుంది. నా తర్వాతి పనికి అదే చేస్తా.

గేర్_ఆయిల్
నాకు మాత్రం మూత లేనిదే ఇష్టం. సీలు పని సీలు చెయ్యాలి.

బీటిల్_ప్రేమి
గ్రీజు రకం బళ్ళున్నవాళ్ళ కోసం కూడా ఎవరైనా రాయండి. ఈ చర్చ చదివి వాళ్ళు గ్రీజే మానేస్తారేమో!

సీల్_స్ప్రింగ్
గ్రీజు కోరే బేరింగుకి చేత్తో పట్టించడమే నాకు నమ్మకం. కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచుని అరచేతికేసి అదుముతూ లాగాలి. అదిమినకొద్దీ గ్రీజు రోలర్ల సందుల్లోంచి ఎక్కి, పై అంచున సన్నటి పురుగుల్లా బయటికి వస్తుంది. అలా వచ్చేదాకా అదే చోట, తర్వాత కొంచెం తిప్పి పక్క చోట. చుట్టూ పూర్తయ్యేసరికి మీ ఉంగరం కనబడదు కాబట్టి ముందే తీసి పెట్టుకోండి.

బేరింగు లోపల నిండుగా, హబ్బు ఖాళీలో మూడో వంతు, మహా అయితే సగం. అంతకన్నా నింపితే తిరిగేటప్పుడు గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, పల్చబడి సీలు దాటుతుంది. ఎన్‌ఎల్‌జీఐ 2 గట్టిదనం ఉన్న లిథియం కాంప్లెక్స్ వీల్ బేరింగు గ్రీజు వాడండి. పాతకాలపు కాల్షియం గ్రీజు నీళ్ళకి ఆగుతుంది గానీ 100 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, డ్రమ్ము పక్కన దానికి చోటు లేదు. లోపల ఏ గ్రీజు ఉందో తెలియకపోతే దాని మీద కొత్తది పెట్టకండి. లిథియం, పాలీయూరియా, బంకమట్టి రకం ఒకదానితో ఒకటి పడవు, కలిస్తే నీరైపోయేవి ఉన్నాయి. కడిగి మొదలుపెట్టండి.

నాలుగో_గేరు
తడిసిన లైనింగుల్ని పెట్రోలుతో కడిగి మంట మీద కాల్చితే ఆయిల్ పోతుందంటారు, నిజమేనా?

డ్రమ్_బ్రేక్
పైపైన పోతుంది. లైనింగు లోపలికి పీల్చుకున్నది బ్రేకు వేడెక్కినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది. మార్చడం తప్ప దారి లేదు, రెండు చక్రాలకీ కలిపి మార్చాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాల్చడం, ఊదడం, పొడిగా బ్రష్షు పెట్టడం అస్సలు వద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యండి.

మైనర్_మనిషి
పని పూర్తయింది. కుడివైపు కొత్త బేరింగు, రెండు వైపులా సీళ్ళు, గాస్కెట్లు, లైనింగులు. ఎడమవైపు కూరిన గ్రీజంతా కడిగేశా, నల్లగ్రీజు గారు చెప్పినట్టు వేలి కొసంత రాసి బిగించా. బ్రీదర్ శుభ్రం. ఆయిల్ మట్టం రంధ్రం అంచుకి.

ఇప్పటికి 400 కిలోమీటర్లు తిరిగా. నిన్న రాత్రి రెండు బ్యాక్ ప్లేట్ల కిందా తెల్లకాగితాలు పరిచి పడుకున్నా. పొద్దున్న చూస్తే ఒక్క మచ్చ లేదు. బ్రేకు తొక్కితే తిన్నగా ఆగుతోంది. 60 దగ్గర ఇప్పుడు వినబడేది ఇంజనూ, గాలీ. నాన్న ఉన్నప్పుడు ఈ బండి ఇలాగే ఉండేది.

వెన్నెల_డ్రైవ్
ఈ మాట చదివి నాకు ఎంత సంతోషంగా ఉందో. మొదటి వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి మట్టం చూడండి, ఆ తర్వాత సర్వీసు చేసినప్పుడల్లా బ్రీదర్ టోపీని వేలితో తిప్పి చూస్తే చాలు.

హెరాల్డ్_కొత్త
ఇదే చోట అడుగుతున్నా, తప్పయితే వేరే చర్చ పెడతా. నాది ట్రయంఫ్ హెరాల్డ్. వెనక హబ్బు దగ్గర చిన్న ప్లగ్గు ఉంది. అది ఆయిల్ కోసమా, గ్రీజు కోసమా?

ఇరుసు_పిచ్చి
గ్రీజు. ప్లగ్గు చుట్టూ మట్టి తుడిచి, విప్పి, ఆ చోట నిపుల్ బిగించి గన్నుతో మెల్లగా పెట్టండి. అయ్యాక నిపుల్ తీసి ప్లగ్గు మళ్ళీ బిగించాలి. గన్ను బలంగా నొక్కితే గ్రీజు సీలు దాటి డ్రమ్ములోకి పోతుంది. ఐఆర్‌ఎస్ ఉన్న పాత జాగ్వార్‌లలో కూడా అంతే, హబ్బు మీద చిన్న మూత కింద రంధ్రం ఉంటుంది, ఒత్తిడి పెట్టకుండా నింపాలి. పెట్టేటప్పుడు చక్రం మెల్లగా తిప్పుతూ ఉండండి.

హెరాల్డ్_కొత్త
ప్లగ్గు కదలడం లేదు. సుత్తితో కొట్టనా?

సీల్_స్ప్రింగ్
వద్దు! తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. రేపు సరిగ్గా సరిపోయే పానాతో ముందు కొంచెం బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యండి. ఏమైందో ఇక్కడే రాయండి.